రెండు రాజధానుల నడుమ నలభై నిమిషాలు

మా బావమరిది హైదరాబాదులో కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో ఉంటాడు. ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే పాట. “ఆ బస్సుల్లో ఏం పడతారు బావగారూ, విమానం ఎక్కితే నలభై నిమిషాలేగా!” ఒకసారి వాడి మాట విని ఎక్కాను. ఊరికే ఎక్కకుండా చిన్న పుస్తకంలో టైములు రాసుకుంటూ వెళ్లాను.

మంగళగిరి పాత ఊళ్లో గాలిగోపురానికి వెనక వీధి మాది. పదిన్నరకి కారు కదిలింది. వారధి, బెంజి సర్కిల్, రామవరప్పాడు రింగు, ఎనికేపాడు, నిడమానూరు, గూడవల్లి, కేసరపల్లి. గన్నవరం విమానాశ్రయం గుమ్మం దగ్గర దిగేసరికి 11:35. ఒంటిగంట విమానం 1:12కి నేల విడిచింది. పడమటి దిక్కుగా లేచి కాస్త ఉత్తరానికి ఒరిగింది. నాది ఎడమ పక్క కిటికీ. నాలుగైదు నిమిషాలు గడిచాయో లేదో కింద కృష్ణ, కృష్ణకి అడ్డంగా ప్రకాశం బ్యారేజీ, దానికి ఆవల దూరంగా పడుకున్న ఏనుగులా ఒక కొండ. మా కొండే. పానకాలస్వామి కొండ. ఇంట్లోంచి బయలుదేరి రెండు గంటల ముప్పావు దాటాక మా ఊరు మళ్లీ నా కళ్లబడింది. అప్పటిదాకా నేను చేసిందంతా హైదరాబాదుకి ఎదురు ప్రయాణం!

1:53కి శంషాబాదులో చక్రాలు తాకాయి. బ్యాగు తీసుకుని బయటపడేసరికి 2:20. బావమరిది అపార్టుమెంటు గేటు దగ్గర టాక్సీ దిగేసరికి 3:35. మొత్తం 5 గంటల 5 నిమిషాలు. అందులో ఆకాశంలో ఉన్నది 41 నిమిషాలు. బావమరిది అబద్ధం చెప్పలేదు, నిజంలో ఏడో వంతు కంటే తక్కువ చెప్పాడంతే.

అమరావతికీ హైదరాబాదుకీ ఎంత దూరం, ఎంతసేపు అన్న ప్రశ్నకి సరైన జవాబులు అరడజను ఉన్నాయి. ఎవరు ఏ జవాబు చెబుతారన్నది వాళ్లు ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎందుకు వెళుతున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆ జవాబులన్నీ ఒకచోట పెట్టి చూద్దామనే ఈ ప్రయత్నం.

ముందు సరళరేఖ. విజయవాడ నడిబొడ్డు నుంచి చార్మినార్‌కి తాడు లాగి కట్టినట్టు కొలిస్తే దాదాపు 248 కిలోమీటర్లు. మంగళగిరి నుంచి అయితే ఇంకాస్త తక్కువ, 245 ప్రాంతం. మరి విమానం ఎగరాల్సిన దూరం? గన్నవరం రన్‌వే నుంచి శంషాబాదు రన్‌వేకి 264 కిలోమీటర్లు. రెండు నగరాల మధ్య దూరం కంటే రెండు విమానాశ్రయాల మధ్య దూరమే ఎక్కువ. మామూలుగా విమానమంటే అడ్డదారి అనుకుంటాం, ఇక్కడ అది చుట్టుదారి. కారణం మ్యాపు చూస్తే తెలిసిపోతుంది. విజయవాడకి హైదరాబాదు వాయవ్యాన ఉంది, విమానాశ్రయమేమో ఊరికి ఈశాన్యాన. హైదరాబాదుకి విజయవాడ ఆగ్నేయాన ఉంది, విమానాశ్రయమేమో ఊరికి నైరుతిన. రెండు ఇళ్లూ ఎదురెదురుగా ఉండి, గుమ్మాలు మాత్రం పెరటి వైపు పెట్టుకున్నట్టు.

ఇది ఎవరి తప్పూ కాదు. గన్నవరం స్థలాన్ని ఎంచినవాళ్లకి హైదరాబాదు ధ్యాసే లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం అవసరాలకి పడిన రన్‌వే అది. కృష్ణకి ఇవతల ఒక రాజధాని వస్తుందని అప్పుడెవరు కలగన్నారు? శంషాబాదుని ఎంచినవాళ్లు చదునైన నేల, విశాలమైన చోటు, పడమటి నగరం పెరుగుదల చూసుకున్నారు. 2008 మార్చి దాకా హైదరాబాదు విమానాశ్రయం బేగంపేటలో ఉండేది. గన్నవరం నుంచి బేగంపేటకి సరళరేఖ 268 కిలోమీటర్లు, అంటే శంషాబాదు కంటే కొంచెం ఎక్కువే. అయినా అప్పట్లో విమానం దిగినవాడు ఆటోలో పది నిమిషాల్లో అమీర్‌పేట చేరేవాడు. ఆకాశంలో నాలుగు కిలోమీటర్లు తగ్గాయి, నేల మీద ముప్పై కిలోమీటర్లు పెరిగాయి. బేగంపేట రోజుల్లో గన్నవరం విమానానికున్న విలువ ఇప్పుడు లేకపోవడానికి ఇదే మొదటి కారణమని నా అభిప్రాయం.

ఇక ఆ నలభై నిమిషాల సంగతి. ఈ మార్గంలో ఎక్కువగా తిరిగేది ఏటీఆర్. రెక్కల మీద పంకాలు తిరిగే రకం, 78 సీట్లు. ముందు తలుపు నుంచి కాక తోక దగ్గరి తలుపు నుంచి ఎక్కుతాం. కాక్‌పిట్‌కీ మనకీ మధ్య సామాన్ల గది ఉంటుంది. అందుకే మొదటి వరస టికెట్టు దొరికిందని మురిసిపోయినవాడు చివరికి ఎక్కువ దూరం నడుస్తాడు, దిగేటప్పుడు అందరికంటే వెనక మిగులుతాడు. ఇది నేను అనుభవించి చెబుతున్న మాట.

ఏటీఆర్ నిలకడగా ఎగిరితే గంటకి 500 కిలోమీటర్ల పైచిలుకు వేగం. ఆ లెక్కన 264 కిలోమీటర్లు అరగంట పని. కానీ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఆ వేగం ఉండదు. ఎంచుకున్న ఎత్తుకి చేరడానికి ఒక పావుగంట, అక్కడ కాసేపు, మళ్లీ దించడానికి ఒక పావుగంట, రన్‌వేకి వరసలో నిలబడటానికి కొంత. అన్నీ కలిపి నలభై, నలభై అయిదు. పెద్ద జెట్ విమానం వేస్తే సగమవుతుందా అంటే కాదు. జెట్ విమానం తన అసలు వేగం అందుకోవాలంటే ముప్పై వేల అడుగుల పైకి పోవాలి. ఇంత చిన్న దూరంలో అంత ఎత్తుకి పోయేలోపే దిగే వేళవుతుంది. సందులో పందెపు గుర్రాన్ని పరిగెత్తించినట్టే. కాబట్టి హైదరాబాదు–విజయవాడ మధ్య విమానం ఏదైనా గాల్లో గడిపే సమయం పెద్దగా మారదు.

టికెట్టు మీద మాత్రం గంట, గంటా అయిదు నిమిషాలు అని కనిపిస్తుంది. అది కూడా నిజమే. విమానయానంలో సమయం లెక్క తలుపు వేసి విమానం నిలబడ్డ చోటు నుంచి కదిలినప్పుడు మొదలై, అవతల నిలిచి తలుపు తీయడానికి సిద్ధమైనప్పుడు ముగుస్తుంది. శంషాబాదులో నేల మీద పాకుతూ పోయేందుకే పది నిమిషాలు పట్టే రోజులుంటాయి. ఆలస్యాలకి ముందుగానే కొంత పెట్టుబడి కూడా అందులో పెడతారు. అందుకే పావుగంట ఆలస్యంగా బయలుదేరిన విమానం ‘సమయానికే’ చేరినట్టు ప్రకటిస్తే ఆశ్చర్యపోకండి. అంతకు ముందు మనం ఇచ్చుకునే గంటా, గంటన్నరా ఏ లెక్కలోనూ రాదు. వారధి మీద ఇరుక్కున్న పావుగంటని ఏ పైలటూ తన ఖాతాలో రాసుకోడు.

టికెట్టు ధర కొలవాల్సి వచ్చినప్పుడు కూడా దూరమా సమయమా అన్న సందిగ్ధం ప్రభుత్వానికీ తప్పలేదు. 2020 మేలో లాక్‌డౌన్ తరవాత విమానాలు మళ్లీ ఎగిరినప్పుడు కేంద్రం టికెట్టు ధరలకి హద్దులు పెట్టింది. అప్పుడు కొలమానం సమయం: 40 నిమిషాల లోపు ప్రయాణం మొదటి తరగతి, 2,000 నుంచి 6,000 రూపాయలు. 2025 డిసెంబరులో దేశమంతా విమానాలు కుప్పలుగా రద్దయి ధరలు చుక్కలంటినప్పుడు మళ్లీ హద్దు పెట్టింది. ఈసారి కొలమానం దూరం: 500 కిలోమీటర్ల లోపు 7,500 రూపాయలు. అయిదేళ్ల తేడాలో ఒకే ప్రభుత్వం ఒకే ప్రయాణాన్ని రెండు బద్దలతో కొలిచింది.

మన పెద్దలకి ఈ గొడవ లేదు. వాళ్ల కొలతలోనే కాలూ కాలమూ కలిసి ఉండేవి. కూతవేటు అంటే అరిస్తే వినబడేంత. కోసు, ఆమడ అన్నవి పేరుకి దూరాలే గాని, ఎన్ని ఆమడలు నడిస్తే పొద్దుగూకుతుందన్నదే అసలు లెక్క. 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య తన యాత్రాచరిత్రలో ఊరి నుంచి ఊరికి దూరం ఆమడల్లో రాస్తూ, దారి ఎలా ఉందో, దిగడానికి చోటుందో లేదో, దినుసులు దొరుకుతాయో లేదో కూడా పక్కనే రాసిపెట్టాడు. దూరం ఒక్కటే చెబితే ప్రయాణికుడికి ఉపయోగం లేదని ఆయనకి తెలుసు. ఆయన దారి హైదరాబాదు మీదుగానే సాగింది. మజిలీ అన్న మాట ఇప్పుడు మనకి కాశీమజిలీ కథల్లోనే మిగిలింది. ఒక రకంగా సూర్యాపేటలో ఇంకా బతికే ఉంది, దాని దగ్గరికి వస్తాను.

కృష్ణా డెల్టాకీ గోల్కొండకీ మధ్య దారి అంతకంటే పాతది. పదిహేడో శతాబ్దంలో మచిలీపట్నం రేవు నుంచి గోల్కొండకి పోయే బాట దేశంలోని పెద్ద వర్తక మార్గాల్లో ఒకటి. కలంకారీ బట్టలూ వజ్రాలూ ఆ దారిన నడిచాయి. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే తన యాత్రా గ్రంథంలో ఆ దారిని మజిలీల వారీగా వర్ణించాడు. ఇవాళ్టి 65వ నంబరు జాతీయ రహదారి కూడా పుణె నుంచి హైదరాబాదు, సూర్యాపేట, విజయవాడల మీదుగా వచ్చి మచిలీపట్నంలోనే ఆగుతుంది. బందరు రేవు వైభవం పోయి శతాబ్దాలైనా రోడ్డు చివర మాత్రం మారలేదు.

రైలు వచ్చింది 1889లో. నిజాం రైల్వే వరంగల్లు దాటి, డోర్నకల్లు మీదుగా బెజవాడ చేరింది. ఆ దారి మలచడంలో సింగరేణి బొగ్గుకీ పాత్ర ఉంది. డోర్నకల్లు నుంచి ఇల్లెందు గనులకి వేసిన చీలిక అందుకే. అలా వంపు తిరగబట్టే సికింద్రాబాదు నుంచి విజయవాడకి కాజీపేట మీదుగా 350 కిలోమీటర్లయింది. సరళరేఖ కంటే నూటికి నలభై పాళ్లు ఎక్కువ. రోడ్డు 275 కిలోమీటర్లే, అంటే సరళరేఖ కంటే నూటికి పదకొండు పాళ్లే అదనం. ఇంత తిన్నగా పోయే పెద్ద రోడ్డు మన వైపు అరుదు. రైలుకి వేగముంది గాని దారి పొడుగు. రోడ్డుకి దారి పొట్టి గాని ఊళ్లున్నాయి. విమానానికి రెండూ బాగానే ఉన్నాయి గాని, అది మొదలయ్యే చోటూ ముగిసే చోటూ మనవి కావు.

రైల్లో రెండో దారి ఒకటుంది. మంగళగిరి వాళ్లకి అసలు దారి అదే. గుంటూరు, నడికుడి, మిర్యాలగూడ, నల్లగొండ, బీబీనగర్ మీదుగా. మంగళగిరి స్టేషను నుంచి సికింద్రాబాదుకి ఈ దారిన 300 కిలోమీటర్లు అటూ ఇటూ. కాజీపేట దారి కంటే తక్కువే. కానీ ఇది చాలావరకు ఒంటి లైను. ఎదురు రైలు కోసం ఏ చిన్న స్టేషన్లోనో ఆగి, కిటికీలోంచి పల్నాటి నాపరాయి గోడలు చూస్తూ కూర్చోవడం ఈ దారి ప్రయాణంలో భాగం. గుంటూరు–బీబీనగర్ మధ్య 239 కిలోమీటర్లకి రెండో లైను వేయడానికి 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. నా లెక్కలో మంగళగిరికీ హైదరాబాదుకీ మధ్య దూరాన్ని తగ్గించే పనుల్లో అన్నిటికంటే గొప్పది ఇదే. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. విమానాశ్రయం కొత్త టెర్మినల్ గురించి అయితే టీ కొట్టు దగ్గర కూడా చర్చే.

2016 కథ ఒకటి చెప్పాలి. రాష్ట్రం విడిపోయినప్పుడు హైదరాబాదు పదేళ్లకి మించకుండా ఉమ్మడి రాజధాని అన్నారు. రెండేళ్లు తిరిగేసరికి సచివాలయం వెలగపూడికి కదిలింది. ఫైళ్లు కదిలాయి, కుర్చీలు కదిలాయి. పిల్లల బడులూ, కొన్న ఫ్లాట్లూ, భార్యాభర్తల ఉద్యోగాలూ హైదరాబాదులోనే ఉండిపోయాయి. ఉద్యోగులకి వారానికి అయిదు రోజుల పని ఇచ్చారు. ఆ ఏడు జూన్‌లో వాళ్ల కోసం ఒక ఇంటర్‌సిటీ రైలు వేశారు. తెల్లవారుజామున హైదరాబాదులో బయలుదేరి, గుంటూరు, మంగళగిరి మీదుగా పదిన్నర ప్రాంతానికి విజయవాడ చేరుతుంది. సాయంత్రం అయిదున్నరకి విజయవాడలో తిరుగు ముఖం పట్టి రాత్రి పదకొండు లోపు సికింద్రాబాదులో దించుతుంది. ఇప్పుడది లింగంపల్లి దాకా పోతోంది. ఈ వేళలు ఒకసారి జాగ్రత్తగా చూడండి. హైదరాబాదులో ఇల్లు, అమరావతిలో కొలువు ఉన్నవాడికి కొలిచి కుట్టినట్టున్నాయి. మంగళగిరిలో ఉండి, పొద్దున హైదరాబాదులో పని చూసుకుని రాత్రికి తిరిగి వద్దామనుకునేవాడికి అది పనికిరాదు. కొత్త రాజధాని పుట్టిన తొలిరోజుల్లో ఇల్లు ఏది, ఆఫీసు ఏది అన్నది ఆ టైంటేబులే చెప్పేసింది. 

శుక్రవారం సాయంత్రం మంగళగిరి ప్లాట్‌ఫారం మీద ఆ రోజుల్లో ఒక జాతర. భుజాన లాప్‌టాప్ సంచి, చేతిలో కొండ దిగువ కొట్లో కొన్న చీర ప్యాకెట్టు. నిజాం అంచు చీరకి అంత గిరాకీ ఉంటుందని మా వీధి నేతగాళ్లకే తెలియదు.

వందే భారత్ మాటకొస్తే, 2023 సంక్రాంతి నాడు సికింద్రాబాదు–విశాఖ మధ్య మొదలైంది. విజయవాడ నుంచి సికింద్రాబాదుకి నాలుగు గంటలు, 350 కిలోమీటర్ల చుట్టుదారి మీద. అదే ఏడు ఏప్రిల్‌లో సికింద్రాబాదు–తిరుపతి వందే భారత్ నల్లగొండ, గుంటూరు దారిన వచ్చింది. రెండూ మంగళగిరిలో ఆగవు. ఇటు విజయవాడకో అటు గుంటూరుకో పోయి ఎక్కాలి. అయినా సరే, సికింద్రాబాదు చుట్టుపక్కల పనున్నవాడికి ఈ రైలు ముందు విమానం నిలవదు. నాలుగు గంటలూ కదలకుండా కూర్చోవచ్చు, చదువుకోవచ్చు, కునుకు తీయవచ్చు. విమాన ప్రయాణంలో అయిదు గంటల్ని తొమ్మిది ముక్కలుగా కోసి ఇస్తారు, ఏ ముక్కలోనూ నిద్ర పట్టదు.

ఇంకొకటి రాబోతోంది. 2024 అక్టోబరులో కేంద్రం ఎర్రుపాలెం నుంచి అమరావతి మీదుగా నంబూరుకి 57 కిలోమీటర్ల కొత్త లైను మంజూరు చేసింది. 2,245 కోట్ల అంచనా, కృష్ణ మీద 3.2 కిలోమీటర్ల వంతెన. అది పూర్తయితే ఖమ్మం దారి రైళ్లు విజయవాడ తొక్కకుండానే రాజధానికి వస్తాయి.

ఇక రోడ్డు. ఎవరేమన్నా జనం వాడేది ఇదే. 2012 డిసెంబరులో నాలుగు వరసలయ్యాక దీని స్వరూపమే మారిపోయింది. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోలుగేట్ల పేర్లు ఇప్పుడు చిన్నపిల్లలు కూడా వరసగా చెబుతారు. సొంత కారైతే మంగళగిరి నుంచి ఎల్‌బీ నగర్ నాలుగున్నర గంటలు, బస్సైతే మరో గంట కలపండి. ఆర్టీసీ వాళ్లు తమ పెద్ద ఏసీ బస్సుకి ‘అమరావతి’ అని పేరు పెట్టారు. దాన్లో కూర్చుంటే హైదరాబాదు దాకా అమరావతిలోనే ఉన్నట్టు. నడిమధ్య సూర్యాపేట. బస్సు ఆగుతుంది, దీపాలు వెలుగుతాయి, డ్రైవరుకి వేరే బల్ల, మనకి నీళ్లలాంటి టీ. ఇదే మన కాలపు మజిలీ. ఇక్కడ పక్క సీటు మనిషితో మాట కలుస్తుంది, అవతలి బస్సులో వస్తున్న చుట్టాలు ఎదురవుతారు. విమానంలో అలా ఎవరూ ఎదురవరు.

రోడ్డు దూరం కిలోమీటర్లలో స్థిరం గాని గంటల్లో కాదు. సంక్రాంతికి ముందు రెండు రోజులూ పంతంగి దగ్గర బారులు తీరిన కార్లని టీవీలో చూపించడం పండగ ఆనవాయితీల్లో ఒకటైపోయింది. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి చేసినా ఆ రెండు రోజులకి మందు దొరకలేదు. హైదరాబాదులో ఏ దిక్కుకి వెళుతున్నామన్నది మరో చిక్కు. దిల్‌సుఖ్‌నగర్‌లో బంధువులున్నవాడికి హైదరాబాదు వనస్థలిపురంలోనే వచ్చేసినట్టు. మియాపూర్ వాడికి అక్కడి నుంచి ఇంకో ఊరంత ప్రయాణం మిగిలి ఉంటుంది. 2018 సెప్టెంబరులో ఎల్‌బీ నగర్ మెట్రో వచ్చాక ఆ బాధ సగం తీరింది. బస్సు దిగి మెట్రో ఎక్కితే గంట లోపు మియాపూర్. మెట్రో విజయవాడ రోడ్డు చివరికి వచ్చింది గాని, శంషాబాదుకి ఇంకా పోలేదు. అంటే నగరం తన రైలుతో బస్సు ప్రయాణికుణ్ణి ఆదుకుంది, విమాన ప్రయాణికుణ్ణి టాక్సీకి అప్పగించింది.

మంగళగిరి వైపు నుంచి వచ్చిన మార్పు పశ్చిమ బైపాస్. కాజ దగ్గర మొదలై, కృష్ణ దాటి గొల్లపూడి, అక్కడి నుంచి చిన అవుటపల్లి దాకా 48 కిలోమీటర్ల ప్రాంతం. గొల్లపూడిలో హైదరాబాదు రోడ్డు అందుతుంది. వారధీ, కృష్ణలంకా, భవానీపురమూ తొక్కే పని లేదు. దసరా నవరాత్రుల్లో ఇంద్రకీలాద్రి కింద గంటలు గంటలు ఆగినవాళ్లకి ఆ విలువ తెలుసు.

రోడ్డూ రైలూ రెండూ చేతులెత్తేసిన రోజు కూడా చూశాం. 2024 సెప్టెంబరు 1. ఐతవరం దగ్గర మున్నేరు నీళ్లు హైవే మీదికి వచ్చాయి. కోదాడ వైపు పాలేరు పొంగింది. మహబూబాబాదు జిల్లాలో ఇంటికన్నె–కేసముద్రం మధ్య పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. విజయవాడలో సగం ఊరు బుడమేరు నీళ్లలో ఉంది. హైదరాబాదు బండ్లని నార్కెట్‌పల్లి దగ్గర మళ్లించి మిర్యాలగూడ, పిడుగురాళ్ల, గుంటూరు మీదుగా పంపారు. మా ఇంటి దగ్గరి గుంటూరు రోడ్డు మీద ఆ రెండు రోజులూ తెలంగాణ నంబరు లారీలు బారులు. కూతవేటు దూరంలో ఉన్నట్టుండే హైదరాబాదు ఆ వారం ఎంత దూరమో ఎవరూ చెప్పలేకపోయారు.

ఈ లెక్కలు ఇతర రాజధానుల పక్కన పెడితే కొన్ని తమాషాలు తేలతాయి. ప్యారిస్‌కీ బ్రస్సెల్స్‌కీ మధ్య సరళరేఖ దాదాపు 264 కిలోమీటర్లు, గన్నవరం–శంషాబాదు ఎంతో సరిగ్గా అంతే. అక్కడ రైలు నగరం నడిబొడ్డు నుంచి నగరం నడిబొడ్డుకి 1 గంట 22 నిమిషాల్లో పోతుంది. ఆ దెబ్బకి ఎయిర్ ఫ్రాన్స్ 2001లోనే ప్యారిస్–బ్రస్సెల్స్ విమానాలు మానుకుని, తన ప్రయాణికులకి రైల్లో సీట్లు కొనిపెట్టింది. 2023లో ఫ్రాన్స్ ఇంకో అడుగు వేసి, రెండున్నర గంటల లోపు రైలున్న చోట దేశం లోపలి విమానాల్ని చట్టంతో ఆపింది. ఆచరణలో ఆగినవి మూడు మార్గాలే. దూర ప్రయాణానికి అందుకునే కనెక్టింగ్ విమానాల జోలికి పోలేదు. ఆ మినహాయింపు గుర్తుపెట్టుకోండి.

లండన్–ప్యారిస్ మధ్య 1919 ఆగస్టులో రోజువారీ విమానం మొదలైనప్పుడు రెండున్నర గంటలు పట్టేది. ఇవాళ యూరోస్టార్ రైలు సముద్రం కింద సొరంగంలోంచి రెండుంబావు గంటల్లో చేరుస్తుంది. నూరేళ్ల కిందటి విమానం కంటే ఇప్పటి రైలు చురుకు. హెల్సింకి–టాలిన్ మధ్య 80 కిలోమీటర్ల సముద్రం. ఒకప్పుడు హెలికాప్టరు 18 నిమిషాల్లో దాటించేది. 2005లో ఒకటి కూలి 14 మంది పోయారు. ఇప్పుడు జనమంతా రెండు గంటల ఓడలోనే, కాఫీ తాగుతూ. వియన్నా, బ్రటిస్లావాల మధ్య 55 కిలోమీటర్లే, వియన్నా విమానాశ్రయమే బ్రటిస్లావాకీ పనికొస్తుంది. మన విజయవాడ, గుంటూరు, తెనాలి లాగా అన్నమాట, మధ్యలో సరిహద్దు ఒక్కటే తేడా.

కాబట్టి పోటీ వేగానిది కాదు, గుమ్మం నుంచి గుమ్మానిది. మన దగ్గర విమానం ఓడిపోయిందనలేం, ఎందుకంటే రైలింకా గెలవలేదు. ప్యారిస్ రైలు గంటంబావులో పోయే దూరానికి మన వేగమైన రైలు నాలుగు గంటలు తీసుకుంటుంది. ఆ సందులోనే గన్నవరం విమానం బతుకుతోంది.

గన్నవరం ఇప్పటి హోదాకి ఊరికే రాలేదు. ఎనభైల్లో వాయుదూత్ చిన్న విమానాలు వచ్చేవి, కొన్నాళ్లకి ఆగాయి. 2003 సెప్టెంబరులో ఎయిర్ డెక్కన్ హైదరాబాదు–విజయవాడ మార్గం ప్రారంభిస్తూ ప్రముఖుల్ని ఎక్కించుకుని బేగంపేటలో బయలుదేరబోతే ఇంజనులో మంటలు లేచాయి. ఎవరికీ ఏమీ కాలేదు గాని, ఆ ప్రారంభోత్సవం నేల మీదే ముగిసింది. చవక విమానాలకి దేశంలో దారి వేసిన సంస్థకి మన మార్గంలో అలా మొదలైంది. ఆ తరవాత రన్‌వే 3,360 మీటర్లకి పెరిగింది, 2017లో అంతర్జాతీయ విమానాశ్రయమన్నారు. 2018 డిసెంబరు 4న సింగపూర్‌కి తొలి విమానం లేచింది, సీట్లు ఖాళీగా పోతే లోటు ప్రభుత్వం భరించే ఒప్పందంతో. నాలుగు గంటల ప్రయాణం. మా ఇంటి నుంచి బావమరిది ఇంటికి అయిదు గంటలు! కొన్ని నెలలకే ఆ విమానం ఆగిపోయింది. 2024 నవంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర నీళ్ల మీది నుంచి లేచిన సీప్లేన్ శ్రీశైలంలో నీళ్ల మీద వాలింది. అది ప్రదర్శన, ఫొటోలు బాగా వచ్చాయి.

మరి గన్నవరం–హైదరాబాదు విమానంలో ఎక్కేదెవరు? ఆ రోజు నా పుస్తకంలో ఇదీ రాసుకున్నాను. సంచీ ఒక్కటే పట్టుకుని, గడియారం చూసుకుంటూ ఎక్కినవాళ్లు కొందరు. ఫైళ్ల మనుషులు, ఆస్పత్రి మనుషులు. మిగతా వాళ్ల పెట్టెల సైజు చూస్తేనే తెలిసిపోతుంది. ఇరవై మూడు కేజీలకి గ్రాము తగ్గకుండా నింపి, తాళ్లు చుట్టి, మార్కరుతో పేరు రాసిన పెట్టెలు. వీళ్లు హైదరాబాదుకి వెళ్లడం లేదు. డాలస్‌కో, మెల్‌బోర్న్‌కో, దుబాయికో వెళుతున్నారు. ఫ్రాన్స్ చట్టం ముట్టుకోకుండా వదిలేసింది సరిగ్గా వీళ్లనే. వీళ్లకి శంషాబాదు నగరానికి దూరంగా ఉండటం నష్టం కాదు, నగరమే అక్కర్లేదు. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఇంటికొకరు బయట ఉన్న ఈ రోజుల్లో ఆ 264 కిలోమీటర్లకి విమానం నిజంగా కుదిరిన వాళ్లు వీళ్లే. నా మట్టుకు నేను తేల్చుకున్నది ఇదే. కూకట్‌పల్లి పోవాలంటే బస్సు, సికింద్రాబాదు అయితే రైలు, అమెరికా అయితేనే గన్నవరం. 

నా పక్క సీటులో తెనాలి దగ్గరి పల్లెటూరి పెద్దావిడ కూర్చుంది. కూతురి పురుడికి పోతోంది, మొదటిసారి విమానం. పెట్టెలో ఆవకాయ జాడీ సర్దడానికే మూడు రోజులు పట్టిందని చెప్పింది. చక్రాలు లేచినప్పుడు నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. కింద మా కొండ కనబడితే చూపించాను. “పానకాలస్వామే!” అని రెండు చేతులూ జోడించి, మళ్లీ మోచెయ్యి పట్టుకుంది. కాసేపటికి తేరుకుని అడిగింది.

“బాబూ, హైదరాబాదు చూడ్డానికి టైముంటుందా నాకు?”

“ఎంతసేపుందమ్మా మీకు అవతలి విమానానికి?”

“అయిదు గంటలంట.”

“ఒకటే టికెట్టా?”

“మా అల్లుడు అన్నీ ఒకదాన్లోనే తీశాడు.”

“అయితే మీరు బయటికి రానక్కర్లేదమ్మా. దిగుతారు, లోపలే కూర్చుంటారు, మళ్లీ ఎక్కుతారు.”

ఆవిడ కిటికీ వైపు చూసింది. కింద ఎర్రటి బండలు, మధ్యలో ఎండిన చెరువు, సన్నటి గీతలా హైవే. “అయితే హైదరాబాదు పోయినట్టా, పోనట్టా?” అంది.